అమెరికాకు దారి, వయా చింతామణి

లోకంలోని రోడ్లు, రైళ్లు, విమానాలు, వాటి రాకపోకల వేళలు చూసుకునే పెద్దలందరి దివ్యసముఖమునకు, మదనపల్లె కాపురస్థుడు, పెన్షనుదారు, ఒక కూతురి తండ్రి, అల్లుడి ముందు నోరు మెదపలేని మామ అయిన నేను మిక్కిలి విచారముతో దాఖలు చేసుకొను ఫిర్యాదు ఏమనగా:

అయ్యా, అమెరికా దూరంగా ఉందని నా ఫిర్యాదు కాదు. దూరంగా ఉండడం దాని హక్కు. అంత పెద్ద దేశాన్ని మన సౌకర్యం కోసం కాస్త ఇటు జరగమనడం న్యాయం కాదని నాకూ తెలుసు. నా మొర అంతా మా ఇంటి గుమ్మానికీ దేవనహళ్లి విమానాశ్రయానికీ మధ్యనున్న నూరు కిలోమీటర్ల చిల్లర గురించే. దేవనహళ్లి చేరిన మనిషిని దుబాయి మీదుగా పోతారా, దోహా మీదుగానా, ఫ్రాంక్‌ఫర్టు బాగుంటుందా, లండన్ చూస్తారా అని బతిమాలి మరీ అడుగుతారు. మదనపల్లె నుంచి దేవనహళ్లికి ఎట్లా వస్తావు నాయనా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మా అమ్మాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాపురం ఉంటుంది. వేసవిలో ఒకనాటి రాత్రి ఫోన్ చేసి, "నాయనా, అమ్మను పిల్చుకుని నువ్వూ రావాల" అనింది. కాన్పు. కాన్పుకు అమ్మ కావాలి, అమ్మకు దారిపొడవునా పెట్టెలు ఎత్తి దించే మనిషి కావాలి. నా హోదా అది. మా ఊళ్లో అమెరికా పోతున్నామంటే ఎందుకని ఎవరూ అడగరు, ప్రతి వీధిలో ఒకరి బిడ్డ అక్కడే ఉంది కాబట్టి. "యా రూటు?" అని మాత్రం టమోటా మండీలో హమాలీతో సహా అందరూ అడుగుతారు. అడిగి ఊరుకోరు. నేను చెప్పిన రూటు తప్పని కూడా చెప్తారు.

పాస్‌పోర్టు తిరుపతిలో అయిపోయింది. దాని మీద నాకు చెప్పుకోదగ్గ దుఃఖమేమీ లేదు. వీసా దగ్గరే మొదటి దెబ్బ. 2025 జనవరిలో బెంగళూరులో అమెరికా కాన్సులేటు ప్రారంభమైందని పేపర్లో చూసి మా ఆవిడ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. ఇక మద్రాసు పోయే పని లేదు, పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చని లెక్కలు వేసుకున్నాం. పేపర్లో కింది పేరా తర్వాత చదివినాం. అక్కడ వీసాలు మాత్రం ఇప్పట్లో ఇవ్వరట. పొయ్యి వెలిగించని హోటలుకు రిబ్బను కత్తిరించినట్టుంది సంగతి. సరే, మళ్లీ మద్రాసే. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు ఇంకో రోజు. మనిషికి 185 డాలర్ల ఫీజు. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ డాలర్లు తిరిగిరావు. ఈ ఒక్క పద్ధతిలో మాత్రం అమెరికా ప్రభుత్వానికీ మా వీధి చిట్టీల ఆసామికీ తేడా లేదు.

దానికి ముందు డీఎస్-160 అని ఒక దరఖాస్తు ఉంది. దాన్ని కంప్యూటర్లో నింపాలి. తమరు గూఢచర్యం చేయడానికి వస్తున్నారా? తీవ్రవాద సంస్థలో సభ్యులా? ఎప్పుడైనా మారణహోమంలో పాల్గొన్నారా? ఉద్యోగమంతా సర్కారు ఆఫీసులో ఫైళ్లకు దారం కడుతూ గడిపినవాణ్ణి, మారణహోమానికి క్యాజువల్ లీవు ఎక్కడిది నాకు? ఇంటర్నెట్ సెంటరు కుర్రాడు ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్తుంటే, మా ఆవిడ ప్రతిసారీ నా మొహం వంక చూసి, కాసేపు ఆలోచించి, "లేదులేప్పా, లేదని పెట్టు" అనింది. లేదని పెట్టడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆ ఆలోచించడమే నచ్చలేదు.

ఇంటర్వ్యూకు ముందు మా బావమరిది మమ్మల్ని బోయకొండకు తీసుకుపోయినాడు. చౌడేపల్లె పక్కన, గంగమ్మ కొండ. అమ్మవారి తలమీద పువ్వు పెట్టి కోరిక చెప్పుకుంటే, అది కుడిపక్కకు పడితే పని అవుతుందని మా సీమలో నమ్మకం. కుడిపక్కకే పడింది. హైదరాబాదు వాళ్లు చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ ముందు పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చినాక నూటెనిమిది చెయ్యాలి. మా గంగమ్మ ఒక్క పువ్వుతో తేల్చేసింది. ఈ మొత్తం వ్యవహారంలో ఫారం నింపించుకోకుండా జవాబు చెప్పిన ఏకైక అధికారి ఆమే.

వీసాలు వచ్చినాయి. అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ.

ఉరవకొండ దగ్గర పుట్టి అనంతపురం, కదిరి మీదుగా దిగివచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మా మూడు ఊళ్లనూ వరసగా పలకరిస్తుంది. ముందు మదనపల్లె, తర్వాత పుంగనూరు, పలమనేరు దాటి ఇంకా కిందికి పోతే కుప్పం. నేను మదనపల్లె. మా ఆవిడ పుట్టిల్లు పుంగనూరు. మా వియ్యాలవారిది కుప్పం. ఒకే రోడ్డు మీది మూడిళ్లు ఒకే బెంగళూరుకు పోవాలంటే ఎవరి దారి వాళ్లదే. ఎవరి దారి వాళ్లదైతే సమస్య లేదు, నేను కూడా వాళ్ల దారినే పోవాలంటారు.

మా వియ్యంకుడికి రైలంటే గర్వం. ఎందుకుండదు? ఊరు బెంగళూరు–చెన్నై మెయిన్ లైను మీద ఉంది. తాతల కాలం నుంచి పొద్దున బండెక్కి కంటోన్మెంటులో దిగి పనులు చూసుకుని రాత్రికి ఇల్లు చేరిన వంశం. "బావగారూ, మీరు ముందురోజే మా ఇంటికి వచ్చేయండి. రాత్రి సంగటి తిని పడుకుంటే పొద్దున రైలెక్కి కె.ఆర్.పురంలో దిగచ్చు. ఆడినుంచి విమానాశ్రయం బస్సుంది" అన్నాడు. నేను పటం తీసి చూసినాను. మదనపల్లెకు బెంగళూరు నైరుతిలో ఉంది, విమానాశ్రయం ఇంకాస్త పడమరగా. నేను దక్షిణానికి కుప్పం దాకా దిగి, రైల్లో పడమరకు పోయి, బస్సులో ఉత్తరానికి ఎక్కాలి. తూర్పు ఒక్కటే మిగులుతుంది. ఆయనకు మా చేత రైలెక్కించాలని ఉంది, నాకేమో విమానం అందుకోవాలని ఉంది. ఈ రెంటికీ పొంతన కుదరలేదు.

పైగా తిరిగొచ్చేటప్పటి జాగ్రత్తలు కూడా అప్పుడే చెప్పేసినాడు. "బెంగళూరులో మారికుప్పం బండి కూడా నిలబడి ఉంటుంది బావగారూ, బోర్డు మీద కుప్పం అని కనిపించగానే ఎక్కేస్తారు." ఎక్కితే అది బంగారపేటలో పక్కకు తిరిగి కోలారు బంగారు గనుల్లోకి తీసుకుపోయి వదుల్తుంది. 2001లోనే గనులు మూసేసినారు కాబట్టి అక్కడ దిగినందుకు చిన్నమెత్తు లాభం కూడా ఉండదు.

నేను నసుగుతుంటే ఆయన చివరి బాణం వేసినాడు. "మా కుప్పానికి విమానాశ్రయమే వస్తాంది. 2019 మొదట్లోనే శంకుస్థాపన అయిపోయె. అది వచ్చిందంటే మీరు ఈ తిప్పలేమీ పడబన్లే." నిజమే. కానీ విమానాశ్రయం వచ్చేదాకా కాన్పును నిలిపి ఉంచమని వియ్యంకుడే అయినా అల్లుడికి చెప్పగలడా?

పుంగనూరు వారి సంగతి వేరు. వాళ్లకు రైలు లేదు, కాబట్టి రైలు మీద నమ్మకమూ లేదు. మా బావమరిదికి సొంత బండి ఉంది, ములబాగిలు, కోలారు మీదుగా పోయే రోడ్డు ఉంది, అన్నిటికీ మించి ఆవు ఉంది. పుంగనూరు ఆవు మూడడుగులు దాటదు, పాలల్లో వెన్న మాత్రం మామూలు ఆవుకంటే రెండింతలు. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి తన ఇంట్లో ఆ ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు దేశమంతా చూసింది. ఆ రోజు నుంచి మా బావమరిదికి భూమ్మీద నిలబడడం కష్టమైపోయింది. ప్రయాణమన్న మాట ఎత్తితే చాలు, "మనూరి ఆవే పోయె ఢిల్లీకి. మనం పోలేమా బావా?" అంటాడు. ఆవు టికెట్టు కొన్నదా, పెట్టెలు మోసిందా, దాని ఫారంలో తీవ్రవాదివా అని అడిగినారా? ఇవేవీ వాడి బుర్రకెక్కవు.

ఇక మా ఊరు. మదనపల్లెకు రైల్వే స్టేషను ఉంది, ఊళ్లోనే లేదు. దాని పేరు మదనపల్లె రోడ్డు. ఉండేది సీటీఎం అనే పల్లెలో, ఊరికి పది కిలోమీటర్లకు పైనే. తెల్లవాళ్లు నిజాయితీపరులు, స్టేషను దగ్గర ఉన్నది ఊరు కాదు, ఊరికి పోయే రోడ్డు మాత్రమేనని బోర్డు మీదే రాసిపోయినారు. అది పాకాల–ధర్మవరం లైను. దాని మీద కూర్చుని బెంగళూరు పోవాలంటే ముందు బెంగళూరుకు వీపు తిప్పి ధర్మవరం దాకా పోవాలి, అక్కడినుంచి హిందూపురం మీదుగా దిగాలి. అంత తీరిక ఉన్నవాడు నడిచే పోవచ్చు.

కడప నుంచి రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరుకు కొత్త లైను వేస్తామని 2008–09లో మంజూరు చేసినారు. దాదాపు 255 కిలోమీటర్లు. మా వీధిలో మిఠాయిలు పంచుకున్నాం. ఆ ఏడు మా అమ్మాయి జడలు వేసుకుని బడికి పోతుండేది. తర్వాత అది పది పాసైంది, ఇంజినీరింగు చదివింది, బెంగళూరులో ఉద్యోగం చేసింది, అమెరికా పోయింది. లైను కడప దగ్గర మొదలై ఇరవై పైచిలుకు కిలోమీటర్లు నడిచి పెండ్లిమర్రి చేరింది. మా అమ్మాయికి పెండ్లయి, కడుపు కూడా పండింది. లైను పెండ్లిమర్రి దగ్గరే పెండ్లికాని పిల్లలా కూర్చుని ఉంది. కాన్పుకు ఆ రైల్లో పోదామనుకున్న ఆశ వదులుకున్నాను. మనవడి పెళ్లికి చూద్దాం.

మిగిలింది బస్సు. బస్సులకు కొదవలేదు, మదనపల్లె బస్టాండులో నిలబడితే చాలు, "బెంగళూరు బెంగళూరు" అని చెయ్యి పట్టుకుని లాగుతారు. ఇందులో ఉన్న కుట్రను పెద్దలు దయచేసి శ్రద్ధగా గమనించాలి. బస్సు చింతామణి చేరుతుంది. చింతామణి నుంచి పడమరగా శిడ్లఘట్ట, విజయపుర దాటితే దేవనహళ్లి. అంటే విమానాశ్రయం ఊరికి ముందే, మన దారికి దగ్గరలోనే ఉంది. బస్సు దాన్ని పట్టించుకోదు. దక్షిణానికి తిరిగి హొసకోట పోతుంది, కె.ఆర్.పురం వంతెన దగ్గర నగరమంతటి ట్రాఫిక్కుతో కుశలప్రశ్నలు ముగించుకుని, మెజెస్టిక్‌లో దించుతుంది. అక్కడ పెట్టెలన్నీ దించుకుని, ఎర్రచొక్కా ఆయనతో బేరమాడి, విమానాశ్రయానికి పోయే వాయువజ్ర బస్సెక్కితే, అది మళ్లీ ఉత్తరానికి ముప్పై అయిదు కిలోమీటర్లు మోసుకొచ్చి దేవనహళ్లిలో వదుల్తుంది. చింతామణిలో టీ తాగినప్పుడు పక్కనే ఉన్న చోటికి ఇంత ప్రయాణం చేసినాక చేరినట్టు.

ఇంకో ముచ్చట. విమానాశ్రయం పక్కనే 2021 జనవరిలో రైల్వే హాల్టు ఒకటి తెరిచినారు. అది చిక్కబళ్లాపురం, చింతామణి, కోలారు మీదుగా బంగారపేట పోయే లైనే. చింతామణికి పట్టాలున్నాయి, విమానాశ్రయానికి పట్టాలున్నాయి. మదనపల్లెకూ చింతామణికీ మధ్యే లేవు. ఉన్నా నాకు పనికిరావనుకోండి. అక్కడ ఆగే బళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే, మన విమానాలేమో దొంగలు తిరిగే వేళకు బయల్దేరుతాయి.

ఈ బాధ నాతో మొదలైంది కాదని పెద్దలకు మనవి. కొన్ని తరాలు వెనక్కి పోతే మా ఊరి మనిషి ఒకాయన అమెరికాలో ఇల్లే కట్టుకున్నంత పని చేసినాడు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టినాడు. 1922లో మొదటిసారి కాలిఫోర్నియాలోని ఒహాయికి పోయినాడు. ఏ దారిన? ఆస్ట్రేలియా మీదుగా. సిడ్నీలో ఓడెక్కి పసిఫిక్ సముద్రమంతా దాటి సాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినాడు. క్షయ పట్టిన తమ్ముడు నిత్యానంద వెంట ఉన్నాడు. ఒహాయి గాలి ఆ పిల్లవాడికి మంచిదన్నారు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసమే కట్టిన శానిటోరియం అప్పటికే ఉంది, దేశం నలుమూలల నుంచీ జనం దాని గాలి కోసం వచ్చేవాళ్లు. మా ఊరి బిడ్డ మాత్రం గాలి కోసం అమెరికా పోయినాడు. ఈ ఆచారం కూడా అప్పటినుంచే ఉందన్నమాట. 1986 జనవరిలో, తొంభై ఏళ్ల వయసులో, ఆఖరిసారి పోయినప్పుడు కూడా ఆయన విమానమెక్కింది మద్రాసులోనే. సత్యానికి దారంటూ లేదని 1929లో హాలండులో వేలమంది ముందు చెప్పి లోకాన్ని ఆశ్చర్యపరిచినాడంటారు. మాకేం ఆశ్చర్యం లేదు. మదనపల్లెలో పుట్టినవాడు దారి లేదని కాక ఇంకేం చెప్తాడు?

అటునుంచి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు. జేకబ్ చాంబర్లేన్ అనే అమెరికన్ పాదరీ డాక్టరు 1859 ఆఖర్లో అమెరికాలో ఓడెక్కి, 1860లో మద్రాసులో దిగి, 1863లో మదనపల్లె చేరి స్థిరపడినాడు. సూయెజ్ కాలువ తెరిచింది 1869లో. అంటే ఆయన తెరచాప ఓడలో ఆఫ్రికా అడుగు చుట్టి వచ్చినాడు. నెలల తరబడి సముద్రం, దిగినాక ఎడ్లబండి. అంత కష్టపడి వచ్చిన మనిషి తెలుగు నేర్చుకుని, తెలుగులో పుస్తకాలు రాసి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూసినాడు. పెద్ద మనసు అంటారు అందరూ. నేను కాదనను. కాకపోతే నా మట్టుకు ఇంకో అనుమానం కూడా ఉంది: వచ్చిన దారి గుర్తొచ్చి ఆఖరి తిరుగు ప్రయాణానికి ధైర్యం చాలలేదేమో.

విమానాల గురించి క్లుప్తంగా. వాటి మీద నాకు పెద్దగా కోపం లేదు. తిరుపతి విమానాశ్రయం పేరులో అంతర్జాతీయం ఉంది గానీ, మేము పోవాలన్నా భాకరాపేట ఘాటు దిగి పోయి మళ్లీ ఇంకో ఊరికి విమానమెక్కాల్సిందే. అందుకని బెంగళూరే. మా ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు అబూదాబి అన్నారు. అమెరికా ఇమిగ్రేషను తనిఖీ అక్కడే చేసేస్తారట, డాలస్‌లో మన తిరుపతి బస్టాండులో దిగినట్టు దిగి పోవచ్చట. ఇంకొకరు ఫ్రాంక్‌ఫర్టు అన్నారు, టిఫిను బాగుంటుందని. మా ఆవిడ మేనమామ లండన్ అన్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

ఇంతలో ఎవరో పుణ్యాత్ముడు మా ఆవిడకు ఒక సంగతి చేరవేసినాడు. 2021 జనవరిలో ఎయిరిండియా బెంగళూరు, సాన్‌ఫ్రాన్సిస్కో మధ్య ఏకబిగిన పోయే విమానం మొదలుపెట్టింది. తొలి విమానాన్ని నడిపిన పైలట్లందరూ ఆడవాళ్లే. ఉత్తరధ్రువం మీదుగా, నేల మీద కాలు పెట్టకుండా, పదహారు గంటలకు పైగా నడిపినారు. అంతే, ఆ పూట నుంచి నాకు ఇంట్లో నిలవనీడ లేదు. "ఆ ఆడబిడ్డలు ధ్రువం మీదుగా అమెరికా నుంచి బెంగళూరుకు విమానం తోలుకొచ్చినారు. మీరు దేవనహళ్లికి దారి కనుక్కోలేకపోతుండారు." ధ్రువం మీద కె.ఆర్.పురం వంతెన లేదని చెప్పి చూసినాను. వినలేదు.

ఆ దారి కూడా మాకు అచ్చిరాదని అమ్మాయే చెప్పింది. సాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే అమెరికాలో దిగినట్టే గానీ వాళ్లింటికి చేరినట్టు కాదు. మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలన్నీ దించుకుని, కస్టమ్సు వాళ్లకు చూపించి, మళ్లీ విమానంలోకి ఎక్కించి, ఇంకో నాలుగు గంటలు ఎగరాలి. దేశం పెద్దదైతే వచ్చే చిక్కులు ఇవి. దానికితోడు 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన ఆకాశం మీదుగా మన విమానాలను పోనివ్వడం లేదు, కొన్ని దూరాలు ఇంకా పెరిగినాయి. భూమ్మీద హద్దురాళ్ల తగాదాలు పైకి కూడా ఎక్కినాయన్నమాట. ఆఖరికి దోహా ఖాయమైంది. అక్కడెక్కితే పదహారు గంటల్లో నేరుగా డాలస్. విమానం బెంగళూరులో తెల్లవారుజామున నాలుగు గంటలకు.

పెట్టెల కథ మాత్రం విడిగా చెప్పుకోవాలి. మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి ఇరవై మూడు కిలోలు. మా ఆవిడ దృష్టిలో అది అమెరికా మనకు చేసిన అవమానం. మా నడింట్లో దూలానికి పాత స్ప్రింగు కాటా కట్టి, దాని కొక్కేనికి పెట్టె తగిలించి, ముల్లు ఎక్కడ నిలుస్తుందోనని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. రాగిపిండి, చెనిక్కాయల పొడి, చింతపండు, నిప్పట్లు, ఊరుమిండికి కావాల్సిన సరంజామా. బాలింతకు శొంఠి, వాము, పిప్పళ్లు, కాయం. గోంగూర పచ్చడికి మూడు పొరల కవరు, దానిపైన ఒక టవలు, దానిపైన నా చొక్కాలు. పచ్చడి కారితే ముందు నాశనమయ్యేవి నావే కావాలని ఏర్పాటు. ముల్లు ఇరవై అయిదు దగ్గర ఆగేది. మా ఆవిడ కాసేపు చూసి, పెట్టెలోకి చెయ్యి పెట్టి, నా ప్యాంటు ఒకటి బయటికి తీసేది. ముల్లు ఇరవై నాలుగున్నర. నా ఇంకో ప్యాంటు. చివరికి నేను అమెరికాలో ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ లుంగీ మీదనే ఉండేటట్టు తూకం సరిపోయింది.

కరివేపాకు మాత్రం కూడదన్నాడు అల్లుడు ఫోన్లో. నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెచ్చే పురుగు దాని మీద ఉంటుందట, ఆకు కనబడితే కస్టమ్సు వాళ్లు తీసి పారేస్తారట. మాంసం పచ్చడి కూడా కుదరదు. మా పెరట్లో ఆకులు దూసి ఎండబెట్టిన చేట అట్లాగే మిగిలిపోయింది. మా ఆవిడ ఆ దేశం మీద పెట్టుకున్న గౌరవం ఆ రోజే సగం పోయింది. "ఆకు మీద పురుగు చూసేవాళ్లు, మీ మొహం చూసి వీసా ఎట్లా ఇచ్చినారో" అనింది.

వీల్‌చైరు సంగతి ఎత్తకపోతే ఈ ఫిర్యాదు అసంపూర్ణం. మా పక్కవీధి ఆయన పోయిన సంవత్సరం కొడుకు దగ్గరికి పోయినాడు. ఏటా అలిపిరి నుంచి 3550 మెట్లు నడిచి కొండెక్కే మనిషి. టికెట్టులో మాత్రం వీల్‌చైరు రాయించుకున్నాడు. ఎందుకు స్వామీ అంటే, "కాళ్లకు కాదబ్బా, నోటికి" అన్నాడు. దోహాలో ఏ గేటుకు పోవాలో ఇంగ్లీషులో అడిగే పని లేకుండా, తోసుకుపోయే కుర్రాడే అన్నిచోట్లా క్యూ తప్పించి విమానం గుమ్మంలో దించుతాడు. మన వైపు నుంచి పోయే విమానాల దగ్గర కుర్చీల బారు చూసినవాళ్లకు తెలుగుదేశంలో అమ్మానాన్నలందరికీ ఒకేసారి మోకాళ్లు పోయినాయేమో అనిపిస్తుంది. నాకు అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మా ఆవిడకు రాలేదు. ఆమెకొక్కదానికే రాయించింది. ఆమె కూర్చుని పోతుంటే చేతిసంచులన్నీ తగిలించుకుని వెనక పరిగెత్తే ఉద్యోగం నాకు దక్కింది.

ఇక ఇంటి నుంచి బయల్దేరడం. టాక్సీ అడిగితే రానూపోనూ చార్జీ అన్నాడు, రాష్ట్రం దాటే పర్మిట్టు ఖర్చు అదనం. నేను తిరిగొచ్చేది నెలలు గడిచినాక, వాడు తిరిగొచ్చేది ఆ రాత్రికే. అయినా వాడి తిరుగు ప్రయాణానికి డబ్బు నేనివ్వాలి. న్యాయం ఎక్కడుందని అడిగితే, "ఖాళీగా రావాల కదా సామీ" అన్నాడు. ఇది విన్న మా బావమరిది రంగంలోకి దిగినాడు. "ఖాళీగా ఎందుకు రావాల? నేను టెంపో ట్రావెలర్ మాట్లాడతా" అన్నాడు.

దాని అర్థం బయల్దేరే రోజు సాయంత్రం గానీ నాకు తెలియలేదు. పుంగనూరు నుంచి బావమరిది, వాడి భార్య, పిల్లలు, అత్తగారు. కుప్పం నుంచి వియ్యంకుడు, వియ్యపురాలు, ఆమె చెల్లెలు. ఎదురింటి హెడ్మాస్టరుగారు, అబూదాబి మాట వినకపోయినా పెద్దమనసుతో. అందరూ మమ్మల్ని సాగనంపడానికే. విమానమెక్కేవాళ్లకు వెనక సీటు, పెట్టెల మధ్య. పులిహోర తపేలా, పెరుగన్నం, రెండు చాపలు కూడా ఎక్కినాయి. చింతామణి దగ్గర దేవనహళ్లి రోడ్డు పట్టమని నేను, ములబాగిలు మీదుగా వచ్చుంటే ఈ పాటికి చేరేవాళ్లమని బావమరిది, రైల్లో అయితే ఈ కుదుపులే ఉండవని వియ్యంకుడు. డ్రైవరు ఎవరి మాటా వినకుండా ఫోన్లో ఆడగొంతు చెప్పిన సందుల్లో పోయి పన్నెండున్నరకు విమానాశ్రయం ముందు నిలబెట్టినాడు.

రెండో టెర్మినలు. లోపలంతా వెదురు, వేలాడే మొక్కలు, తోటలాగా ఉంటుందని చెప్పుకున్నారు. మావాళ్లకు చూడాలని ఆశ. టికెట్టు లేనివాళ్లకు ప్రవేశం లేదన్నాడు గేటు దగ్గర తుపాకీ ఆయన. వియ్యపురాలు కళ్లు తుడుచుకుంది, మా ఆవిడ తుడుచుకుంది, నా కళ్లు కూడా చెమర్చినాయి. ఇంతమంది రాత్రంతా నిద్ర మానుకుని మా కోసం వచ్చినారే, ఏమో అనుకున్నాను గానీ మనుషులు మంచివాళ్లే అనిపించింది. ఇంకాసేపు మాట్లాడుతూ నిలబడదామని పెట్టెల బండి పక్కకు తోసినాను.

మా బావమరిది గడియారం చూసుకున్నాడు. డ్రైవరు గడియారం చూసుకున్నాడు. వియ్యంకుడు దగ్గినాడు.

"బావా, మీరు బిరీన లోపలికి పోతే బాగుంటుంది" అన్నాడు మా బావమరిది. "ఇంకా మూడు గంటల పైన టైముంది కదరా" అన్నాను.

"మీకుంది. మాకు లేదు. నందికొండ ఈడికి పక్కనే కదా, సూర్యోదయం చూడాలని పిల్లోళ్లు ఒకటే గోల. తెల్లారకముందే గేటు కాడ బండ్ల వరస పెద్దగా ఉంటుందంట." అని, నా జేబు వంక చూసి, "డీజిలుకు ఒక మూడు వేలు ఇచ్చి పో బావా, అమెరికాలో ఈ రూపాయలు నీకెట్లా పనికిరావు" అన్నాడు.